తారు కింద ఉప్పునీళ్లు

గత ఏడాది ఎండలు ముదరకముందే మా అక్కకి డయాలసిస్ మొదలైంది. సోమవారం ఒకసారి, గురువారం ఒకసారి. అక్కావాళ్ల ఇల్లు మండవల్లి దాటాక చేపల చెరువుల మధ్య ఉంటుంది. ఆసుపత్రేమో ఏలూరులో. మధ్యలో కొల్లేరు. కైకలూరు దాటిన దగ్గర్నుంచి ఆ రోడ్డుకి రెండు పక్కలా నీళ్లే. వానాకాలంలో అయితే రోడ్డు ఎక్కడ ఆగి నీళ్లు ఎక్కడ మొదలయ్యాయో గట్టు మీది గడ్డిని చూసి పోల్చుకోవాలి. ఒంట్లో ఓపిక లేని మనిషి వారానికి రెండు రోజులు, రానూ పోనూ, ఆ నీళ్లు దాటాలి. ఒకటి రెండు సార్లు తప్పిపోతే ఏమవుతుందో డాక్టరుగారు నెమ్మదిగానే చెప్పారు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నెమ్మది లేదు.

అక్క నాకంటే తొమ్మిదేళ్లు పెద్దది. నన్ను చంకనేసుకుని పెంచింది. ఆమె లేకుండా ఒక్క క్రిస్మస్ కూడా నాకు గుర్తులేదు. అందుకని మొదటి రెండు వారాలూ బావగారు మాట్లాడిన అద్దె కారులో నేనూ తోడు వెళ్లాను. ఆ డ్రైవరు ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని, కొల్లేటి మధ్యలో చేపల లారీలని దాటుకుంటూ పోయేవాడు. పక్క సీట్లో కూర్చుని నేను లేని బ్రేకుని కాలితో తొక్కుతూ ఉండేవాణ్ణి. ఇంటికి వచ్చాక పిక్క పట్టేసేది. మూడో వారం ఇక ఆగలేక, "నాన్న కారు బాగుచేయిస్తాను, అక్కని నేనే తీసుకెళ్తాను" అని ప్రకటించాను.

నాన్న మిషన్ స్కూల్లో హెడ్మాస్టరుగా ఉన్నప్పుడు సెకండ్ హ్యాండులో కొన్న అంబాసిడర్ అది. ఆయన పోయాక పన్నెండేళ్లుగా ఏలూరులో మా ఇంటి పక్క రేకుల షెడ్డులో పడి ఉంది. అక్క మొదట్లోనే వద్దంది. "ఎందుకురా ఇప్పుడు దాన్ని కదపడం? ఈ అద్దె కారు బాగానే ఉంది కదా" అంది. నేను వినలేదు. తాడేపల్లిగూడెంలో ముప్ఫై ఏళ్లు పిల్లలకి సైన్సు చెప్పి రిటైరైన మనిషిని. చెప్పడమే తప్ప వినడం ఆ ఉద్యోగం నాకు నేర్పలేదు.

ఏలూరులో పవర్‌పేట వైపు పాత కార్లకి రేకు పని చేసే మేస్త్రి గారొకరున్నారు. డెబ్భై దాటిన సాయిబు గారు. వాళ్ల తాతగారు జట్కా చక్రాలకి ఇనుప పట్టీలు వేసేవారట. కారుని పైకెత్తించి, కింద చాప పరుచుకుని పడుకుని, చిన్న సుత్తితో అంగుళం అంగుళం కొడుతూ చెవి దగ్గర పెట్టి వినేవారు. మంచి రేకు ఠంగుమనేది. పాడైన రేకు తప్పుమనేది. తప్పుమన్న చోటల్లా సుద్దముక్కతో గుండ్రంగా గీత గీసేవారు. నేను ముప్ఫై ఏళ్లు ఎర్ర సిరాతో చేసిన పనిని ఆయన తెల్ల సుద్దతో చేస్తుంటే, తప్పులన్నీ నావే అయినట్టు బిక్కచచ్చి నిలబడ్డాను. ఫ్లోరులో సగానికి పైగా పోయింది. ఆయన దాన్ని కోసేసి కొత్త రేకు అతికారు.

వెనక ఎడమ చక్రం దగ్గర ఒకచోట మాత్రం ఆయన చాలాసేపు కొట్టారు. కారు బరువుని మోసే కమాను పట్టీలు ముందు వైపు ఒక బ్రాకెట్టుకి తగిలించి ఉంటాయి. ఆ బ్రాకెట్టు ఒక పొడుగాటి రేకు డబ్బాకి అతికి ఉంటుంది. డబ్బా లోపల ఖాళీ. "ఇదింకా పాత రేకేనండి మాస్టారూ" అన్నారాయన. "పల్చబడింది కానీ పనికొస్తుందండి. లోపలికి తేమ పోకుండా చూసుకోవాలి. దీనికి ఏ పూత వేస్తారన్నదే అసలు సంగతండి."

అప్పటి నుంచి పూతల గురించి నాకు నిద్రపట్టలేదు. పొద్దస్తమానం ఫోనులో చదివేవాణ్ణి. ఒక్కొక్కరిది ఒక్కో మాట. రెడ్ ఆక్సైడ్ వేయమని ఒకరు. తుప్పు మీద రాస్తే అది నల్లగా మారి గట్టిపడే మందు ఉంది, అది చాలని ఇంకొకరు. జింకు కలిసిన ప్రైమరు అని మరొకరు. తెల్లకాగితం తీసుకుని, పేర్లన్నీ ఎడమ వైపు రాసి, కుడి వైపు మార్కులు వేశాను. మర్నాడు మళ్లీ చదివి మార్కులు మార్చాను. ఏ మందుకీ నూటికి నూరు పడలేదు. నూటికి నూరు పడని దాని మీద మా అక్కని కూర్చోబెట్టడం ఎలాగని నా బెంగ.

ఆ కాగితం పట్టుకెళ్లి మేస్త్రి గారికి చూపించాను. ఆయన నవ్వలేదు. అదే ఆయన మర్యాద.

"రెడ్ ఆక్సైడ్ మీ ఇంటి గేటుకి వేసుకోండి మాస్టారూ. తుప్పుని మార్చే మందు బ్రష్షు తగిలినంత మేరే పనిచేస్తుందండి, సందుల్లోకి పోదు. మనం ఎపాక్సీ ప్రైమరు వేద్దాం. రెండు డబ్బాలు కలిపి కొడతారు చూడండి, అది. శుభ్రమైన ఇనుముని పట్టుకుందంటే వదలదండి. అతుకుల్లో పేస్టు పెడదాం. కింద ఆ రేకు డబ్బాల లోపలికి మాత్రం మైనం కలిపిన నూనె, సన్న గొట్టంతో కొట్టాలండి. ఏటా వానలకి ముందు మళ్లీ కొట్టించుకోవాలి."

నూనె డబ్బా మూత తీసి, కొంచెం రేకు ముక్క మీద రాసి చూపించారు. తేనె రంగులో ఉంది. దాని కింద ఇనుము అలాగే కనపడుతోంది. ఇంత పల్చటి దాన్ని నమ్ముకుని రొయ్యల చెరువుల గాలిలో, కొల్లేటి నీళ్ల మధ్య తిరగడమా? ఏటా మళ్లీ కొట్టించాలంటే అది ఏటా పోతుందనే కదా అర్థం. భయపడే మనిషికి మందంగా ఉన్నదే కావాలి. కంబళి మీద కంబళి కప్పుకునే రకం నేను.

"మరి తారులాంటిది మందంగా పూసేస్తేనో?" అన్నాను.

"వద్దండి. దాని కింద ఏం జరుగుతుందో మనకి తెలీదు" అన్నారు. "ఇంకో మాట. పూత వేసే ముందు కింద నీళ్లు తగలనివ్వకండి. థిన్నరు గుడ్డతో తుడిచి, ఎండబెట్టి వేస్తాను. పండగ ఇంకా పది రోజులుంది, ఉపవాసం మీద ఆ ఘాటు వాసన పీల్చలేనండి. పండగ కాగానే మొట్టమొదటి పని మీదే."

పది రోజులు ఆగమని అడిగారంతే. నేను ఆగలేకపోయాను. ఆ పది రోజుల్లో అక్క మూడుసార్లు ఆ ఫోను డ్రైవరు కారులో కొల్లేరు దాటాలి. ఇంజను సిద్ధంగా ఉంది. టైర్లు కొత్తవి. కారుని ఇంటికి తీసుకెళ్లి షెడ్డులో పెట్టుకుంటానని మేస్త్రి గారికి చెప్పి, తిన్నగా మండవల్లి తీసుకెళ్లిపోయాను.

బావగారు కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, వంగి కిందకి చూశారు. "పూతకోసం ఇంత ఆలోచనెందుకు బావా? మా ఇనుప దోనెలకి ఏం పూస్తున్నాం? తారే కదా. ఏళ్ల తరబడి చెరువులో నానుతున్నాయి, ఒక్కటీ చెక్కు చెదర్లేదు" అన్నారు. నాకు కావలసిన మాట అదే. వినడం రాదన్నాను కానీ, నాకు కావలసిన మాట మాత్రం ఎంత దూరంలో ఉన్నా వినపడుతుంది. మర్నాడే తాడేపల్లిగూడెం వెళ్లి, లారీల బాడీలు కట్టే షెడ్లో, లారీల అడుగున పూసే తారు మందు రెండు పెద్ద డబ్బాలు తెచ్చుకున్నాను.

పూసే ముందు కడగాలి కదా. మురికి మీద పూత నిలవదని చిన్న పిల్లాడికి కూడా తెలుసు. బావగారి పంపు షెడ్డులో వలలు కడిగే ప్రెషరు గన్ను ఉంది. బోరు మోటారు వేసి, కారుని రెండు ఇటుక దిమ్మల మీదికి ఎక్కించి, లుంగీ ఎగ్గట్టి రెండు గంటలు కడిగాను. ఒక్క సందు వదల్లేదు. ఆ రేకు డబ్బాలకి కింద చిన్న చిన్న బెజ్జాలుంటే, వాటిలోకి గొట్టం పెట్టి లోపల మట్టంతా బయటికి వచ్చేదాకా కొట్టాను. మధ్యమధ్య దాహమేస్తే వరండాలో ఉన్న మంచినీళ్ల క్యాను వంచుకుని తాగాను. ఆ ఊళ్లో బోరు నీళ్లు ఎవరూ తాగరు. నోట్లో పోస్తే ఉప్పు. సబ్బు నురగ రాదు. పంపు షెడ్డు గోడ కింది ఇటుకలు తెల్లగా పొడి రాలుతుంటాయి. ఇవన్నీ నాకు తెలుసు. పుట్టి పెరిగిన దేశం. అయినా తాగడానికి క్యాను, మిగతా అన్నిటికీ బోరు అన్నది అక్కడ ఎంత అలవాటంటే, బోరు నీళ్లు మాకు నీళ్లే తప్ప ఉప్పునీళ్లు కావు. బావగారు చూస్తూనే ఉన్నారు. పాలేళ్లు చూస్తూనే ఉన్నారు. ఒక్కరికీ తట్టలేదు.

సాయంత్రం దాకా ఎండబెట్టి, మర్నాడు తారు మందు పూశాను. ఒకసారి కాదు, మూడుసార్లు. ఆ చిన్న బెజ్జాలన్నీ కూడా మూసేశాను, నీళ్లు లోపలికి పోకుండా. అంతా అయ్యాక కిందకి దూరి టార్చి వేసి చూశాను. నల్లగా, నున్నగా, ఒక్క గీత లేకుండా ఉంది. రెండు నెలల తర్వాత మొదటిసారి కడుపునిండా అన్నం తిన్నాను.

వేసవంతా బాగానే గడిచింది. సోమవారం, గురువారం తెల్లవారుతూనే మండవల్లి చేరేవాణ్ణి. అక్క వెనక సీట్లో ఎడమ వైపు కూర్చునేది. నలభై దాటి పోనిచ్చేవాణ్ణి కాదు. చేపల లారీలు హారన్లు కొట్టి తిట్టుకుంటూ దాటిపోయేవి. నాకేం సిగ్గు లేదు. పండగ అయ్యాక మేస్త్రి గారు ఫోను చేశారు. "పూత పని అయిపోయిందండి, ఇంకోచోట చేయించేశాను" అన్నాను. ఆయన "మంచిదండి. ఒకసారి చూపించండి మాస్టారూ" అన్నారు. చూపించలేదు. అప్పటి నుంచి పవర్‌పేట వైపు వెళ్లాల్సి వస్తే చుట్టూ తిరిగి వెళ్లేవాణ్ణి. అరవై రెండేళ్ల వాణ్ణి, హోంవర్కు ఎగ్గొట్టిన పిల్లాడిలా సందులు వెతుక్కున్నాను.

వానలు పడ్డాక శబ్దం మొదలైంది. మొదట స్పీడ్ బ్రేకర్ల దగ్గర మాత్రమే, వెనక ఎడమ వైపు, కిర్రుమని. తర్వాత గుంటల్లో కూడా. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక కారు కిందకి దూరాను. ఎప్పటిలాగే నల్లగా, నున్నగా ఉంది. హమ్మయ్య అనుకుని బయటికి రాబోతుంటే బ్రాకెట్టు పక్కన చిక్కుడు గింజంత పొంగు కనపడింది. వేలితో నొక్కాను. మెత్తగా లోపలికి పోయింది. చటుక్కున వేలు తీసేశాను. ఆ పొంగుని గోటితో చీలిస్తే లోపల ఏముందో తెలిసిపోయేది. ఒక్క నిమిషం పని. నేను చీల్చలేదు. తెలిస్తే కారు ఆపేయాలి. ఆపేస్తే ఇన్నాళ్లూ అక్కని దేని మీద కూర్చోబెట్టానో ఒప్పుకోవాలి. గబగబా బయటికి వచ్చి చేతులు కడుక్కున్నాను.

ఆ తర్వాత ఒక్కసారి కూడా కిందకి చూడలేదు. చూడలేదు కాబట్టి ఏమీ లేదని చెప్పుకున్నాను. మనసు నమ్మలేదు, చెవి అసలే నమ్మలేదు. కైకలూరు దాటి నీళ్లు మొదలవగానే అరచేతులు చెమర్చేవి. స్టీరింగు జారేది. కారులో పాటలు పెట్టడం మొదలుపెట్టాను, శబ్దం వినపడకుండా. అక్క ఒకరోజు ముందుకి వంగి, "ఏరా, వెనకాల కింద ఏదో శబ్దం వస్తోంది, నీకు వినపడ్డంలేదా?" అంది.

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. "నీకు కార్ల గురించి ఏం తెలుసని? నేను పొద్దున్నే లేచి, ఎండలో, వానలో, నీకోసం తిరుగుతుంటే నువ్వు వంకలు పెడతావా? భయమైతే రేపటి నుంచి బస్సులో వెళ్లు!" అని అరిచాను. కారు లోపల ఆ అరుపు నాకే గట్టిగా వినపడింది. అక్క వెనక్కి వాలి కూర్చుంది. చేతికి సూదులు గుచ్చిన చోట కట్టిన కట్టుని రెండో చేత్తో పట్టుకుని కిటికీలోంచి నీళ్ల వైపు చూసింది. ఆ తర్వాత శబ్దం మాట మళ్లీ ఎత్తలేదు. నిజం చెప్పాలంటే నాకు హాయిగా అనిపించింది. ఇద్దరిలో ఒకరికైనా వినపడ్డం మానేసిందనుకున్నాను.

అక్టోబరులో పైన ఎక్కడో కుంభవృష్టి కురిసి తమ్మిలేరు, బుడమేరు నీళ్లన్నీ కొల్లేట్లోకి దిగాయి. ఆ గురువారం వెళ్లేటప్పుడు రోడ్డు బాగానే ఉంది. డయాలసిస్ అయ్యి మధ్యాహ్నం తిరిగి వస్తుంటే, ఒక పల్లంలో రోడ్డు మీదికి చీలమండల లోతు నీళ్లు వచ్చేశాయి. బళ్లన్నీ ఒకదాని వెనక ఒకటి పాకుతున్నాయి. మబ్బు కమ్మి పగలే లైట్లు వేసుకున్నారు. మా ముందు చేపల లారీ, వెనక ఇంకో చేపల లారీ. రెండు పక్కలా ఎక్కడిదాకా చూసినా బురద రంగు నీళ్లు. గట్టు మీది గడ్డి కూడా మునిగిపోయింది.

సరిగ్గా మధ్యలో ఉండగా వెనక ఎడమ వైపు ఫట్‌మంది. కారు ఆ పక్కకి కూలబడింది. రబ్బరు కాలిన వాసన వచ్చింది. అద్దంలోంచి చూస్తే అక్క ముందు సీటుని రెండు చేతులతో పట్టుకుని ఉంది. ముఖం పాలిపోయి ఉంది. ఏమైందని అడగలేదు.

దిగాను. పిక్కల దాకా నీళ్లు. కారు ఒళ్లు టైరు మీదికి దిగిపోయింది. వెనక లారీ డ్రైవరు దిగి వచ్చి, వంగి చూసి, "కమాను లోపలికి దూసుకుపోయిందండి బాబూ. ఇంక కదపకండి. ఆవిణ్ణి ముందు దింపేయండి" అన్నాడు. వెనక తలుపు తీశాను. అక్క కాళ్ల కింద మ్యాటు లోపలికి కుంగి, అంచుల నుంచి నీళ్లు పైకి వస్తున్నాయి. చెయ్యి పట్టుకుని దింపుతుంటే నా చెయ్యి వణుకుతోంది. ఆమె చెయ్యి వణకడంలేదు. లారీ డ్రైవరు ఒక ఆటోని ఆపాడు. వెనకంతా ఖాళీ చేపల ట్రేలు. వాటి మధ్య అక్కని కూర్చోబెట్టాం. ఆటో నీళ్లు చిమ్ముకుంటూ కైకలూరు వైపు వెళ్లిపోయింది.

నేను కారు పక్కనే ఉండిపోయాను. మొదట్లో సిగ్నలు లేదు. వచ్చాక అక్క ఫోను ఎత్తలేదు. ఆటో ఎవరిదో తెలియదు. ముందు ఇంకెంత లోతుందో తెలియదు. డయాలసిస్ అయిన రోజు ఆమెకి ఒక్కోసారి కళ్లు తిరుగుతాయి. ఈ మూడు సంగతులు తిప్పి తిప్పి తలుచుకుంటూ ఆ నీళ్లలో నిలబడ్డాను. చిన్నప్పటి నుంచి వచ్చిన ప్రార్థనలన్నీ మొదలుపెట్టాను, ఒక్కటీ చివరిదాకా గుర్తు రాలేదు. ముప్పావుగంట తర్వాత బావగారు ఫోను చేశారు. "వచ్చేసింది బావా, బాగానే ఉంది, పడుకుంది" అన్నారు. కారు బానెట్టు మీద తల పెట్టుకుని ఏడ్చాను. లారీల వాళ్లు చూస్తున్నా ఆపుకోలేదు.

సాయంత్రానికి క్రేను బండి వచ్చి కారుని ఏలూరు చేర్చింది. ఎక్కడికని అడిగితే, తల వంచుకుని పవర్‌పేట దారి చెప్పాను.

మర్నాడు మేస్త్రి గారు జుమ్మా నమాజు నుంచి వచ్చి, చొక్కా మార్చుకుని, చాప పరుచుకున్నారు. నన్నూ పక్కన పడుకోమన్నారు. పడుకున్నాను. ఆయన సుత్తితో కొట్టారు. ఎక్కడ కొట్టినా ఒకటే మొద్దు శబ్దం. మూడు పూతల తారు కింద ఇనుము గొంతు వినపడలేదు. అప్పుడు పల్చటి బ్లేడుని వేడిచేసి అంచు లేపారు. తారు పొర చర్మం ఊడినట్టు ఊడి వచ్చింది. దాని కింద తడి. బెజ్జం మూసిన చోట గీరగానే లోపలి నుంచి ఎర్రటి నీళ్లు బొటబొటా కారాయి. మేస్త్రి గారు వేలితో ఒక చుక్క అందుకుని, నాలిక మీద పెట్టుకుని, పక్కకి ఉమ్మేశారు.

"ఉప్పండి" అన్నారు. "మాస్టారూ, దీన్ని ఎక్కడ కడిగారండి?"

ఆ ఒక్క ప్రశ్నతో నాకంతా అర్థమైపోయింది. ఎనిమిదో తరగతి. మూడు పరీక్షనాళికలు. ఒక మేకు పొడి గాలిలో, ఒకటి నూనె కింద, ఒకటి ఉప్పునీళ్లలో. ఏటా ముప్ఫై ఏళ్లపాటు నా చేత్తో పెట్టి, వారం తర్వాత ఎర్రబడిన మూడో మేకుని పైకెత్తి పిల్లలందరికీ చూపించాను. అదే చేత్తో ఆ ఉప్పునీళ్లని కారు పొట్టలోకి గొట్టం పెట్టి కొట్టి, బయటికి పోయే దారులన్నీ మూసేశాను. చెప్పాను మేస్త్రి గారికి. బోరు అని, తారు అని, మూడుసార్లని, పొంగు చూసీ వదిలేశానని, చెప్పాను.

ఆయన స్క్రూడ్రైవరు తీసుకుని బ్రాకెట్టు పక్కన రేకు డబ్బాకి ఆనించారు. నెట్టలేదు, ఊరికే ఆనించారు. పిడి దాకా దిగిపోయింది. సరిగ్గా దాని పైన వెనక సీటు ఎడమ వైపు ఉంది.

"దోనెకి లోపలా బయటా మన కళ్లకి కనపడతాయండి" అన్నారాయన. "కారుకి కనపడని గదులుంటాయి. మీరు లోపల ఉప్పు పెట్టి తలుపులు వేసేశారు. పొంగు కనపడినప్పుడైనా నాకు చూపించొచ్చు కదండి?"

"భయమేసిందండి" అన్నాను. ఆ వయసులో ఆ మాట ఇంకొకరితో అనడం అదే మొదటిసారి.

ఈసారి కాగితం, మార్కులు ఏమీ లేవు. ఆ డబ్బా అంతా కోసి కొత్తది కడతానన్నారు. మంచినీళ్లతో లోపలంతా కడిగి, కడిగిన నీళ్లలో ఉప్పు లేదని తేలేదాకా మళ్లీ మళ్లీ కడిగి, వారం రోజులు ఎండలో పెట్టి, ఎపాక్సీ వేస్తానన్నారు. లోపలికి ఆ తేనె రంగు నూనె. బెజ్జాలన్నీ తెరిచే ఉంచాలి. పైన ఏం రంగు వేయమంటారని అడిగారు. నల్లరంగు వద్దన్నాను. "లేత బూడిద రంగు వేయండి మేస్త్రి గారూ. తుప్పు వస్తే వెంటనే కనపడాలి." పల్చటి పూత అంటే ఎందుకు భయపడ్డానో అప్పుడు తెలిసింది. అది ఏదీ దాచదు. ఏటా వంగి చూడక తప్పదు. నాకు కావలసింది చూసే పని లేని పూత. అలాంటిది ఎక్కడా లేదు.

ఆదివారం బస్సెక్కి మండవల్లి వెళ్లాను. బావగారు మేత వేయించడానికి చెరువు మీదికి వెళ్లారు. అక్క వరండాలో పడకకుర్చీలో ఉంది. ఆమె కాళ్ల దగ్గర పీట వేసుకుని కూర్చుని మొత్తం చెప్పేశాను. బోరు నీళ్లు, మూసిన బెజ్జాలు, చిక్కుడు గింజంత పొంగు, దాన్ని చీల్చకుండా వదిలేయడం, శబ్దం వినపడకుండా పాటలు పెట్టడం. నన్ను తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆమె చీర కొంగుతో కళ్లజోడు తుడుచుకుంటూ వింది.

"నాకు తెలుసురా" అంది.

"ఏం తెలుసు?"

"వినాయక చవితి వానలప్పుడే కాళ్ల కింద తడి తగిలింది. మడమతో నొక్కితే లోపలికి పోయింది. అప్పటి నుంచి మధ్యకి జరిగి కూర్చునేదాన్ని. మొన్న కూలబడుతుందని కూడా అనుకుంటూనే ఉన్నాను, బయల్దేరిన దగ్గర్నుంచి."

"మరి ఎందుకు చెప్పలేదక్కా? ప్రాణం మీదికి వచ్చేది కదా!"

"చెప్తే అరుస్తావు కదరా" అంది. కోపంగా అనలేదు, నిష్ఠూరంగా అనలేదు. మధ్యాహ్నం కరెంటు పోతుందన్నట్టు మామూలుగా అంది. "నాలుగు గంటలు ఆ మిషను మీద పడుకుని వస్తానా, ఒంట్లో ఏమీ ఉండదు. ఇంటికొచ్చేదాకా నీ అరుపులు పడలేనురా. దానికంటే దేవుడి మీద భారం వేసి కూర్చోవడమే నయమనిపించేది. పడితే పడతాం అనుకునేదాన్ని."

నేను ఆమె ముఖంలోకి చూడలేకపోయాను. కుళ్లిన రేకు మీద, రెండు పక్కలా నీళ్లున్న రోడ్డు మీద, మా అక్క వారాల తరబడి కూర్చుంది. కూలితే ప్రాణం పోతుందని తెలుసు. ఆ భయాన్ని మింగేసింది. మింగలేకపోయిన భయం నేనే. స్క్రూడ్రైవరు పిడి దాకా దిగినప్పుడు కూడా నా ఒళ్లు అలా చల్లబడలేదు. ఆమె ప్రాణం కాపాడాలని ఎనిమిది నెలలుగా నిద్ర మానుకుని తిరిగిన మనిషిని నేను. ఆమె మాత్రం ఆ ఎనిమిది నెలలూ నన్ను కాచుకుంటూ గడిపింది.

నేను తల ఎత్తకపోవడం చూసి ఆమె కళ్లజోడు పెట్టుకుని, ముందుకి వంగి, నా ముఖంలోకి జాగ్రత్తగా చూసింది.

"ఇప్పుడు చెప్పినందుకు కోపం రాలేదు కదరా?" అంది.